ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కు పెట్టిన బొట్టు

చాప మీద జాగా ఉంది, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, నడుము నొప్పి పుట్టదు. నేను చదివింది ఏడో తరగతే. ఆ తరువాత పదిహేడేళ్ళు సైన్యంలో సిగ్నల్స్‌లో ఉన్నాను. ఎడారిలో రేడియో మోశాను, మంచులో తీగ లాగాను. అయినా ఎవరైనా డ్యూటీ సంగతి అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది అవి కావు. పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చిన రెండో ఏడు మన గోదావరి మధ్య లంకలో చేసిన అయిదు రోజుల డ్యూటీ. అదే చెబుతాను.

లంకలో దిగేసరికి ఉదయం పదీ ఇరవై. ఆగస్టు నెల. సన్నటి వాన, పడమటి గాలి. ఏరు ఎర్రగా పారుతోంది. ఆత్రేయపురం వైపు గట్టు నుంచి నాటు పడవలో నలభై నిమిషాలు పట్టింది. ఒడ్డుకు నాలుగు బారల దూరంలో సరంగు గెడ పాతి పడవ ఆపాడు.

"దిగండి బాబూ, మోకాలి లోతే" అన్నాడు.

దిగాం. నడుము దాకా తడిశాం.

"ఎవరి మోకాలయ్యా?" అన్నారు నా వెనక దిగిన మెకానిక్కు గారు.

"మా గేదె మోకాలండి" అన్నాడు సరంగు.

ఈ మెకానిక్కు గారిది రావులపాలెం. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఆదివారం లూథరన్ చర్చిలో హార్మోనియం వాయిస్తారు. మిగతా ఆరు రోజులు తీగలు అతికిస్తారు. ఇద్దరికీ రేడియోలో మాట్లాడే లైసెన్సు ఉంది. సాయంత్రాలు ఆయన కొట్లో కూర్చుని సెట్లు కట్టుకోవడమే మా ఇద్దరి కాలక్షేపం. ఆ ఏడు వరదలకు ముందు మా రేడియో స్నేహితులందరూ ఒకమాట అనుకుని, ఫోను లేని లంకలకు తలా ఒక సెట్టుతో వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. మా ఇద్దరికీ ఈ లంక పడింది.

మేం మోసుకెళ్ళిన సామాను చెబుతాను. చేత్తో కట్టిన ట్రాన్స్‌మిటరు ఒకటి. మాట పంపేది అది. మాట వినే రిసీవరు ఒకటి. లారీ బ్యాటరీలు రెండు. ఇరవై మీటర్ల రాగి తీగ. టార్పాలిన్. స్క్రూడ్రైవర్లు, టంకం కడ్డీ. అటుకులు నాలుగు శేర్లు, మాగాయ ఒక సీసా. అన్నిటికీ పైన, తువ్వాలులో చుట్టి మెకానిక్కు గారు గుండెలకు హత్తుకుని తెచ్చిన ఫ్రీక్వెన్సీ కౌంటరు.

అదేంటంటారా. టిఫిను డబ్బా అంత రేకు పెట్టె. ముందు వైపు ఎర్రగా వెలిగే అంకెలు ఏడు. అంకెల పక్కన ఒక చిన్న దీపం. రేడియో పంపే కరెంటు సెకనుకు లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ పెట్టె సరిగ్గా ఒక సెకను పాటు తలుపు తీసి, ఎన్ని ఊపులు లోపలికొచ్చాయో లెక్కపెట్టి, తలుపు మూసి, ఆ అంకె చూపిస్తుంది. తలుపు తీసినప్పుడల్లా ఆ చిన్న దీపం కన్ను కొడుతుంది. చవక రకమే. కంపెనీ కౌంటరు కొనే తాహతు మాకెక్కడిది. మద్రాసు నుంచి చిప్పులు తెప్పించుకుని మెకానిక్కు గారే నెల రోజులు కూర్చుని కట్టారు. దాన్ని తీగతో తగిలించనక్కర్లేదు. రెండు చుట్లు చుట్టిన వైరును ట్రాన్స్‌మిటరు కాయిలుకు బెత్తెడు దూరంలో పెడితే చాలు, అంకె వస్తుంది. ఏమీ పెట్టకపోతే అంకెలు వాటంతటవే పిచ్చిగా పరుగెడతాయి. మొదటిసారి చూసినప్పుడు పాడైందనుకున్నాను.

"పాడవలేదండి. ఊరికే కూర్చోలేదది, మీలాగే" అన్నారు ఆయన.

మా ట్రాన్స్‌మిటరుకు ఒక జబ్బు ఉంది. ఎండకొక చోట, చలికొక చోట జారుతుంది. అందుకని రోజూ పొద్దున అరగంట వేడెక్కనిచ్చి, కౌంటరు చూస్తూ గుబ్బ తిప్పి, అంకె సరిగ్గా డెబ్బై లక్షల యాభై వేల మీద నిలబెట్టాలి. ఎందుకంటే రాజమండ్రి గట్టు మీద బడిలో ఉన్న బేస్ స్టేషను రిసీవరుకు తిప్పే గుబ్బే లేదు. గాజు బుడ్డిలో మూసిన క్రిస్టలుతో ఒక్క చోటే స్థిరంగా కట్టేశారు. మేం అక్కడ ఉంటేనే వాళ్ళకు మాట. పక్కకు జారితే లేము.

బేస్‌లో కూర్చునేది ఒక లెక్కల టీచరమ్మ గారు. గొంతు కంచు. ఆవిడ ఇచ్చిన ఆర్డరు ఇది: ఉదయం ఆరు, తొమ్మిది, పన్నెండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఆరు. అయిదు వేళలా మాట్లాడాలి. ఏటి మట్టం చెప్పాలి. నీరు ఊరు ఎక్కేలా ఉంటే పంటు అడగాలి. పంటంటే తెలుసుగా, మనుషుల్నీ గొడ్లనీ ఏరు దాటించే బల్లపరుపు పెద్ద నావ. ఉన్నది ఒకటే పంటు. మా లంకకూ, మాకు ఎగువన ఉన్న ఇంకో లంకకూ కలిపి ఒకటే.

లంకలో మనుషులు ముప్పై ఎనిమిది. గేదెలు ఇరవై ఏడు. వాటిలో తొమ్మిది సూరాయమ్మ గారివి. ఆవిడ పశువుల సావిట్లోనే మాకు మకాం ఇచ్చింది. అరవై దాటిన మనిషి. వచ్చిన రోజే తేల్చి చెప్పింది.

"చూడండి బాబూ, మా గేదెల్ని ఎక్కించకుండా నన్ను ఎక్కిస్తామంటే మాత్రం నేను రాను. గట్టు మీద కూర్చుని ఎవరి పాలు పితకను?"

"అందర్నీ ఎక్కిస్తారమ్మా. పంటు పిలిచే పని మాది" అన్నాను.

"పిలిస్తే వస్తదా?"

"వినబడితే వస్తదమ్మా."

ఇక మా ఆవిడ ఇచ్చిన ఆర్డరు. బయలుదేరేటప్పుడు ఒక పొట్లంలో పసుపు, ఒక పొట్లంలో కుంకం కట్టి నా సంచిలో పెట్టింది. "రోజూ పొద్దున యంత్రానికి బొట్టు పెట్టకుండా మీట నొక్కకండి" అంది. నాకేమీ కొత్త కాదు. పటాలంలో దసరాకు రైఫిలుకు పెడతాం, జీపుకు పెడతాం, వైర్‌లెస్ సెట్టుకూ పెడతాం. టీచరమ్మ గారి ఆర్డరు ఎంతో, ఇదీ అంతే. రోజూ అయిదున్నరకు ముఖం కడుక్కుని, పసుపు నీళ్ళలో కలిపి, మూడు పెట్టెలకూ బొట్టు పెట్టి, ఆ తరువాతే మీట నొక్కేవాణ్ణి. మెకానిక్కు గారు ఆ కాసేపూ పక్కకు తిరిగి ఆయన ప్రార్థన ఆయన చేసుకునేవారు. ఆమెన్ అన్నాక ఇద్దరం పని మొదలెట్టేవాళ్ళం.

మూడు రోజులు హాయిగా నడిచింది. తీగను రెండు కొబ్బరి చెట్ల మధ్య ఎత్తుగా కట్టాం. కొలతకు ఒడ్డున వెదురు బొంగు పాతి, సున్నంతో గీతలు గీశాం. వేళకు మాట, వేళకు తిండి. సూరాయమ్మ గారు గడ్డపెరుగు పంపేది. మెకానిక్కు గారు సాయంత్రాలు పిడత బోర్లించి దాని మీద తాళం వేస్తూ కీర్తనలు పాడేవారు. గేదెలు వినేవి. నేనూ వినేవాణ్ణి, వేరే దిక్కు లేక.

నాలుగో రోజు తెల్లవారుజాము నుంచి జడివాన. నేల చెమ్మ, గోడ చెమ్మ, గుడ్డ చెమ్మ. నీరు రెండు గీతలు పెరిగింది. ఆరింటికి గాలి మా టార్పాలిన్ లేపేస్తే ఇద్దరం దాన్ని పట్టుకోవడంలో ఆ వేళ మాట తప్పింది. తొమ్మిదికి మీట నొక్కాను. కౌంటరు చూశాను. డెబ్బై లక్షల యాభై వేలు, చుక్క తేడా లేదు.

"బేస్, బేస్, లంక మాట్లాడుతున్నాం. నీరు రెండు గీతలు పెరిగింది. ఓవర్."

జవాబు లేదు. కాసేపాగి టీచరమ్మ గారి గొంతు వచ్చింది.

"లంక, లంక, ఎక్కడున్నారండీ? వినబడటం లేదు. ఎవరో మధ్యలో బాతు అరిచినట్టు అరుస్తున్నారు. ఎవరండీ మీరు, దయచేసి పక్కకు జరగండి. ఓవర్."

"ఎవడో బుద్ధిలేనివాడు అడ్డం వచ్చాడండి" అన్నారు మెకానిక్కు గారు.

పన్నెండుకు మళ్ళీ పిలిచాం. మళ్ళీ బాతే. అప్పటికి నీరు అయిదో గీత తాకింది. సావిడి మెట్టుకు బారెడు దూరం. టీచరమ్మ గారు అందరికీ వినబడేలా చెప్పింది: ఎగువన ఏరు ఇంకా పొంగుతోంది. పంటు మూడింటికి బయలుదేరుతుంది. ఆ తరువాత చీకటి పడుతుంది, ఇంకో విడత ఉండదు. మా లంక నుంచి రెండున్నర లోపు మాట రాకపోతే, మేం నాటు పడవల్లో దాటేశామనుకుని పంటును ఎగువ లంకకు పంపుతారు.

లంకలో ఉన్న నాటు పడవలు రెండు. మనుషులైతే ఎలాగో పడతారు. గేదె ఒక్కటీ పట్టదు. గేదె లేకుండా సూరాయమ్మ గారు కదలదు. ఆవిడ కదలకపోతే మిగతా ఇళ్ళూ కదలవు.

ఒంటిగంటన్నరకు మళ్ళీ మైకు అందుకున్నాను. "బేస్, బేస్" అని పిలిచి మీట వదిలాను.

"హమ్మయ్య, ఆ బాతు ఆగింది" అంది టీచరమ్మ గారు.

మళ్ళీ నొక్కాను. "బేస్, లంక." వదిలాను.

"మళ్ళీ మొదలెట్టింది. ఇదిగో, ఆగింది."

నేను మెకానిక్కు గారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు.

"బాతు మనమేనండి" అన్నాను.

"మనమెలా అవుతామండి? అంకె చూడండి. యాభై వేలు. ఒక్క ఊపు తేడా లేదు."

"చోటు జారితే గొంతు బాతులా అవుతుంది. సైన్యంలో వంద సార్లు విన్నాను. మనం జారాం."

"జారితే కౌంటరు చెప్పదా? అంకెలు ఎర్రగా కళ్ళ ముందు వెలుగుతుంటే మీ చెవిని నమ్మమంటారేంటి? తీగలో లోపం ఉంటుంది. తీగ దింపి చూద్దాం."

తీగ దింపి ఎక్కించాలంటే ఆ గాలిలో గంట. టైము ఒకటీ యాభై. అప్పుడు గుర్తొచ్చింది. అరగంటకోసారి, సరిగ్గా గంట కొట్టినప్పుడూ అర కొట్టినప్పుడూ, టీచరమ్మ గారు మాట లేకుండా ఒక్క నిమిషం తన క్రిస్టలు చోటు మీదే ఈల పంపుతుంది. రిసీవర్లు సరిచూసుకోవడానికి. రెండింటికి ఒక ఈల ఉంది. మా ట్రాన్స్‌మిటరును తీగకు తగిలించకుండా ఊరికే వెలిగిస్తే, మా ఈల కూడా మా రిసీవరులోనే వినబడుతుంది. బేసూ మేమూ ఒకే చోట ఉంటే రెండు ఈలలూ ఒకటే కావాలి.

"ఒక్క నిమిషమేనండి ఉండేది. చెవిని నమ్మి గుబ్బ కదిపారంటే మళ్ళీ పాత చోటికి తేవడం కష్టం" అన్నారు ఆయన.

"పాత చోట ఉండి ఏం సాధించాం? బాతులమయ్యాం."

ఆయన మొహం చూస్తే జాలేసింది. నెల రోజులు కట్టిన పెట్టె మరి.

రెండు కొట్టింది. ఈల వచ్చింది. సన్నగా, స్థిరంగా. దాని కింద మా ఈల, బొంగురుగా. రెండు వేరువేరు. మెకానిక్కు గారిది సంగీతం చెవి, చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. "స్వరం కలవలేదండి" అన్నారు మెల్లగా. నేను గుబ్బను గోటితో కదిపాను. మా ఈల పైకి లేచింది. ఇంకొంచెం. రెండూ దగ్గర పడి ఒకదాని మీద ఒకటి ఊగసాగాయి, ఊయల చప్పుడులా. ఊపు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగింది. ఒకటే ఈల.

కౌంటరు చూశాం. డెబ్బై లక్షల యాభై ఒక్క వేల మూడు వందలు.

"వదలండి, ఇక ముట్టుకోకండి" అన్నారు మెకానిక్కు గారు. ఆయనే తీగ తగిలించి మైకు నా చేతికిచ్చారు. టైము రెండూ రెండు.

"బేస్, బేస్, లంక పిలుస్తున్నాం. వినబడుతోందా? ఓవర్."

"లంక. శుభ్రంగా వినబడుతున్నారు. పొద్దుటి నుంచి ఎక్కడికెళ్ళారండీ?"

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. బాతులం మేమే. పంటు కావాలి. నీరు ఆరో గీత. మనుషులు ముప్పై ఎనిమిది, గేదెలు ఇరవై ఏడు. ఓవర్."

అటు వైపు టీచరమ్మ గారి నవ్వు. ఆ నవ్వుతోనే అంది: "పంటు మూడింటికి మీ దగ్గరకే బయలుదేరుతుంది. ఎగువ లంక వాళ్ళు బడి మేడ ఎక్కారు, రేపటి దాకా వాళ్ళకు భయం లేదు. బాతులు కూడా పంటు ఎక్కి రావాలి. ఓవర్."

సూరాయమ్మ గారు గుమ్మంలో నిలబడి అంతా వింది. నేరుగా వెళ్ళి గేదెల పలుపులు విప్పడం మొదలెట్టింది.

ఇక పంటు వచ్చేదాకా పని లేదు. మెకానిక్కు గారికి మాత్రం నిలకడ లేదు. "పదమూడు వందలు ఎందుకు తప్పింది? చెప్పండి. నా పెట్టె ఎందుకు తప్పింది?" అంటూ కౌంటరును ఒళ్ళో పెట్టుకున్నారు. దాని ముందు రేకుకు, అంకెలకు పైన, సరిగ్గా నడిమధ్యన, శనగ గింజంత కన్నం ఉంది. లోపల సెకను కొలిచే క్రిస్టలు పక్కన చిన్న మర ఉంటుంది. పెట్టె విప్పకుండానే ఆ మరను తిప్పి సరిచేసుకోవడానికి ఆయనే పెట్టిన కన్నం. అందులోకి సన్నటి స్క్రూడ్రైవరు దూర్చి బయటకు తీశారు. కొన పచ్చగా, తడిగా వచ్చింది. వాసన చూశారు.

"ఇదేంటండి?"

"పసుపండి" అన్నాను.

"పసుపని నాకూ తెలుసు. లోపలికెలా వెళ్ళింది?"

అప్పుడు ఇద్దరం ఆ పెట్టె మొహం చూశాం. బొట్టు ఉంది. సరిగ్గా కన్నం మీదే ఉంది. నాలుగు రోజులుగా, రోజుకొకటి చొప్పున, మందంగా. మొదటి మూడూ ఆరి పైపైన నిలిచాయి. నాలుగోది ఆ చెమ్మలో ఆరలేదు. మెల్లగా లోపలికి జారి, మర చుట్టూ పట్టి, సెకనునే సాగదీసింది. తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి ఎక్కువ ఊపులు లెక్కపెట్టింది పెట్టె. మేం దాన్ని నమ్మి కిందికి జారాం.

"ఇంత రేకు ఉండగా కన్నం మీదే ఎందుకు పెట్టారండి?"

"నడిమధ్య అదే కదండి. కింద అంకెలు కళ్ళలా ఉన్నాయి. నుదురనుకున్నాను."

ఆయన స్క్రూడ్రైవరు కొనను తువ్వాలుకు తుడిచారు.

"మరి మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా" అన్నాను. "మీరు కట్టిన పెట్టె, మీరు పొడిచిన కన్నం. ఒక్క మాట చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పమంటారండి? మీ ఆవిడ గారు భక్తిగా ఇచ్చి పంపారు. నేనా చర్చి మనిషిని. వద్దంటే మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను. మొదటిరోజే నా గుండె గుభేలుమంది. దేవుడా, ఈ కన్నం నువ్వే చూసుకో అని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను."

"అయితే ఆ ప్రార్థన దీనికా?"

"దీనికేనండి."

నవ్వు ఆగలేదు. ఇద్దరం గడ్డి మీద కూలబడి నవ్వాం. సూరాయమ్మ గారు తొంగి చూసి, "నీరొచ్చి మీదపడుతుంటే ఈ మగాళ్ళకు నవ్వులేంటో" అంటూ పలుపు ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

పంటు నాలుగూ పదికి ఆనింది. నీరు అప్పటికి సావిడి మెట్టు ఎక్కింది. ముందు గేదెల్ని ఎక్కించాం. పంటు మధ్యలో నిలబెట్టాం. చుట్టూ మనుషులు. చివరన మా పెట్టెలు. లెక్క సరిచూశాను. ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు, ఇద్దరు బాతులు. చీకటి పడే లోపే గట్టు చేరాం. ఆ రాత్రీ మర్నాడూ గట్టు మీద గుడారంలో ఉండి, ఎగువ లంక వాళ్ళు కూడా దాటేదాకా సెట్టు నడిపాం. కౌంటరును మెకానిక్కు గారు కిరసనాయిలు దూదితో తుడిచి, టీచరమ్మ గారి ఈలతో మళ్ళీ సరిచేశారు. అది ఇప్పటికీ ఆయన కొట్లో ఉంది. కన్నం మటుకు వెనక్కి మార్చారు. ముందు వైపు ఖాళీ రేకు వదిలి, "ఇది మీ నుదురండి, ఎంత కావాలంటే అంత పెట్టుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. తప్పు ఒప్పుకుంటుందనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ విని, "మరి పంటు వచ్చిందా లేదా?" అంది.

"వచ్చింది."

"గేదెలు దాటాయా?"

"దాటాయి."

"ఇంక నన్నేంటి అంటారు?" అంది.

పదిహేడేళ్ళ సర్వీసులో ఎన్ని చూశానో, చాలావరకు మసకబారాయి. ఆ దాటడంలో చూసింది ఒకటి మాత్రం కళ్ళు మూస్తే ఇవాళ్టికీ కనబడుతుంది. ఎర్రటి ఏరు. వాన వెలిసింది. పంటు మధ్యలో ఇరవై ఏడు గేదెలు, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి, చప్పుడు లేకుండా. వాటిలో ఒకదాని వీపు మీద తెల్ల కొంగ ఒకటి. లంకలో గేదె మీద ఎక్కింది, అలాగే ఉండిపోయింది. ఎగిరి పోవచ్చు, దానికి పంటుతో పనేముంది. పోలేదు. గట్టు వచ్చేదాకా, ఒంటికాలు మీద, ఎటో చూస్తూ, మాతోపాటు ఏరు దాటింది.

ఇదీ సంగతి. లేవండిక, పొద్దుపోయింది. మీ ఇంట్లో ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతూ ఉండాలి. మీ పాడి నిండుగా, మీ గడప పొడిగా ఉండాలి. మీరు ఏ ఒడ్డున నిలబడి పిలిచినా, పిలిచిన వేళకు మీకు పంటు రావాలి.